ఫ్రెంచి వెండి మీద ఖజానా ముద్ర

ఫ్రాన్సు చరిత్ర అనగానే మనవాళ్లకు ముందు తట్టేది 1789. రాజరికం కూలింది, పాత వ్యవస్థ పోయి కొత్త యుగం వచ్చిందని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అక్కడి పాతసామాన్ల అంగళ్లలో దొరికే వెండి చెంచాలను, కాఫీ కూజాలను తిరగేసి చూస్తే ఆ కథ అంత సూటిగా సాగదు. రాజులు పోయారు గానీ, వాళ్లు పెట్టిన వసూలు పద్ధతి పోలేదని వాటి మీది ముద్రలు చెబుతాయి.

విప్లవానికి ముందు పారిస్‌లో తయారైన వస్తువు మీద సాధారణంగా నాలుగు ముద్రలుంటాయి. ఒకటి కంసాలిది: కిరీటం, లిల్లీ పువ్వు, రెండు చుక్కలు, అతని పొడి అక్షరాలు. రెండోది కంసాలుల సంఘానిది, ఏటా మారే ఒక అక్షరం. వన్నెకు పూచీ సంఘానిదే గనుక, తేడా వస్తే ఏ ఏటి పెద్దలను నిలదీయాలో ఆ అక్షరమే పట్టిచ్చేది. కొనేవాడికి ఈ రెండూ చాలు. మిగతా రెండూ ఖజానా కోసం. డచ్చివారితో యుద్ధానికి దిగిన 1672లోనే 14వ లూయీ వెండి పనికి పన్ను వేశాడు. వస్తువు మొరటుగా ఉండగానే, పన్ను వసూలును గుత్తకు తీసుకున్న గుత్తేదార్లు పన్ను బాకీ ఉందని ఒక ముద్ర కొట్టేవారు. పని పూర్తయి సొమ్ము ముట్టాక, బాకీ తీరిందని మరో చిన్న ముద్ర. విప్లవం 1791లో వృత్తి సంఘాలను రద్దు చేసింది. 1794లో పన్ను గుత్తేదార్లను, వారిలో ఒకడైన రసాయన శాస్త్రవేత్త లవోయిజేతో సహా, గిలటిన్‌కు పంపింది. నాలుగేళ్లు తిరక్కముందే, 1797 నవంబరులో, ఆ విప్లవం తెచ్చిన గణతంత్రమే వెండికి మళ్లీ పన్ను ముద్ర తెచ్చింది. వన్నెకు కోడిపుంజు, పన్ను ముట్టినందుకు మనిషి తల, కంసాలికి వజ్రాకారపు చట్రం. వెయ్యి పాళ్లలో 950 పాళ్లు వెండి ఉంటే ఒకటో రకం, 800 ఉంటే రెండోది. ఆ చట్టం పేరులోనే వన్నె తనిఖీ, పన్ను వసూలు పక్కపక్కన ఉన్నాయి. దాపరికమేమీ లేదు.

బొమ్మలు రాజకీయాన్ని బట్టే మారాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. తేదీలు ఆ మాట ఒప్పుకోవు. ముద్రలు మారింది 1809, 1819, 1838లలో. నెపోలియన్ చక్రవర్తి అయింది 1804లో, బూర్బన్ రాజులు తిరిగొచ్చింది 1814లో, మళ్లీ విప్లవం వచ్చింది 1830లో. ఒక్కటీ కలవదు. బూర్బన్ల రాజ్యంలో ఐదేళ్లపాటు కోడిపుంజే కూసింది! ప్రభుత్వానికి అసలు బెడద దొంగముద్రలు. అందుకే 1819లో దాగలి మీద కూడా పురుగుల బొమ్మలు చెక్కించారు. పైన ముద్ర కొడితే అడుగున పురుగు గుర్తు పడేది, రెండింటినీ సరిగ్గా అనుకరించడం దొంగకు తలకు మించిన పని. 1838లో వచ్చిన మినర్వా దేవత తల 1848 గణతంత్రాన్ని, మూడో నెపోలియన్ సామ్రాజ్యాన్ని, దాని 1870 పతనాన్ని, ఆఖరికి జర్మన్ ఆక్రమణను కూడా దాటుకొచ్చింది.

కంసాలుల సంఘం పోవడం చిన్న మార్పేమీ కాదు కదా అంటే, ఆ అభ్యంతరం బలమైనదే. కానీ అది నా వాదాన్ని కొట్టెయ్యదు. ప్రభుత్వానికీ జనానికీ మధ్యనున్న సంఘాలను తుడిచేసి, రాజులు మొదలుపెట్టిన కేంద్రీకరణను విప్లవం పూర్తి చేసిందని ఫ్రెంచి రాజకీయ చింతకుడు టోక్‌విల్ 1856లోనే రాశాడు. వెండి మీద అది కంటికి కనిపిస్తుంది. రాజుల కాలపు పారిస్ గిన్నెను సంఘం అక్షరం చూసి ఏ ఏటిదో చెప్పవచ్చు. మినర్వా తల ఉన్న గిన్నె 1840ది కావచ్చు, 1930ది కావచ్చు. కాలం తేల్చాలంటే వజ్రాకారపు చట్రంలోని కంసాలి గుర్తు వెతకాల్సిందే. ఖజానాకు సొమ్ము ముట్టిందా లేదా అన్నదే ముఖ్యం, ఏ ఏడన్నది కాదు.