దగ్గు మందులో విషం కలిస్తే ల్యాబ్‌లో ఎలా తెలుస్తుంది?

పిల్లల దగ్గు సిరప్‌లలో గ్లిజరిన్ గానీ, ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ కలుపుతారు. అచ్చం వాటిలాగే ఉండే ఇంకో ద్రవం డైఎథిలీన్ గ్లైకాల్. రంగుండదు, తియ్యగా ఉంటుంది, కానీ కిడ్నీలను దెబ్బతీసే విషం. 1937లో అమెరికాలో ఇది కలిసిన మందు తాగి వంద మందికి పైగా చనిపోయారు. 2022లో గాంబియాలో పిల్లలు చనిపోయాక ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ హెచ్చరించింది.

కంటితో, నాలుకతో దీన్ని పట్టుకోలేం. ల్యాబ్‌లో రెండు మెట్లలో పట్టుకుంటారు.

విడదీయడం (క్రోమటోగ్రఫీ): నమూనాను ఆవిరి చేసి, హీలియం లాంటి వాయువుతో సన్నని పొడవాటి గొట్టంలోకి పంపుతారు. లోపలి పూతకు తక్కువగా అంటుకునే పదార్థం ముందు, ఎక్కువగా అంటుకునేది తర్వాత బయటికొస్తాయి.

గుర్తుపట్టడం (మాస్ స్పెక్ట్రోమెట్రీ): బయటికొచ్చిన అణువులను ఎలక్ట్రాన్లతో కొడితే ముక్కలవుతాయి. ఆవేశం ఉన్న ఆ ముక్కలను ద్రవ్యరాశిని బట్టి వేరుచేస్తారు. ఏయే ముక్కలు ఎన్నెన్ని వచ్చాయన్నదే ఆ పదార్థానికి వేలిముద్ర. మందుల ముడిసరుకులో ఈ విషం 0.1 శాతం మించకూడదు. అంత కొద్దిపాటి కల్తీ కూడా ఇలా బయటపడుతుంది.

విద్యార్థులూ, మొదటి మెట్టు మీరూ చేసి చూడవచ్చు. చాక్‌పీసు చుట్టూ కాస్త పైగా నల్ల స్కెచ్ పెన్‌తో గీత గీయండి. గీత తడవకుండా కొద్ది నీళ్లలో నిలబెట్టండి. నీరు పైకెక్కే కొద్దీ నలుపులోని రంగులు విడిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట: డాక్టరు చెప్పకుండా పిల్లలకు దగ్గు మందు పట్టకండి. సీసానూ, బిల్లునూ దాచి ఉంచండి. హెచ్చరిక వస్తే బ్యాచ్ నంబరు సరిచూసుకోవచ్చు.