మా ఆవిడ సంతకం

మొన్న ఒక స్నేహితుడి సంవత్సరీకానికి వెళ్తే, వాళ్ళావిడ అడిగింది: "అన్నయ్యగారూ, ఆయన ఎన్ని కంపెనీలు మారారో మీకేమైనా గుర్తుందా?" వేళ్ళు మడిచి లెక్కపెడితే ఆరు తేలాయి. పాత డబ్ల్యూ-2లు వెతకమన్నాను.

అమెరికాలో భర్త పెన్షన్ మీద భార్యకి గట్టి హక్కు వచ్చి ఎంతో కాలం కాలేదు. 1963 డిసెంబరులో సౌత్ బెండ్‌లో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. నలభై నుంచి అరవై మధ్య వయసున్న దాదాపు 4,000 మందికి రావలసిన ప్రతి డాలరుకీ చేతికొచ్చింది పదిహేను సెంట్లే. ఆ గొడవ నాని నాని 1974లో ఎరిసా చట్టమైంది. అందులోనూ ఓ బొక్క! బతికుండగా నెలకి నాలుగు డాలర్లు ఎక్కువొస్తాయని, తన తర్వాత భార్యకి రావలసినది భర్త ఒక్కడే సంతకం పెట్టి వదిలేసుకోవచ్చు. ఆయన పోయాక గానీ చాలామంది ఆడవాళ్ళకి సంగతి తెలిసేది కాదు. 1984లో రీగన్ సంతకం చేసిన చట్టంతో నోటరీ ముందో, ప్లాన్ ప్రతినిధి ముందో ఆవిడ కూడా ఒప్పుకుని సంతకం పెట్టాల్సి వచ్చింది.

401కెకీ భార్యే వారసురాలు. కానీ మనవాళ్ళు ఉద్యోగం మారగానే దాన్ని ఐఆర్ఏలోకి మార్చేస్తారు కదా, అక్కడ ఈ ఫెడరల్ రక్షణ ఉండదు. ఫారంలో ఎవరి పేరుంటే వాళ్ళదే. పెళ్ళికి ముందు నింపిన ఫారమైతే, బహుశా వాళ్ళమ్మగారి పేరు.

కార్మిక శాఖ 2024 చివర్లో పాత ప్లాన్లు వెతుక్కునే సైటు పెట్టింది, కానీ ఎవరి సోషల్ సెక్యూరిటీ నంబరుతో వాళ్ళే చూసుకోవాలి. పోయినవాళ్ళవైతే ఆ శాఖ సలహాదారులకి ఫోను చెయ్యాల్సిందే.

ఇంటికొచ్చి మా ఆవిడకి నా కంపెనీల జాబితా రాసివ్వబోయాను. నాలుగోదాని పేరు నాకే గుర్తు రాలేదు.