బరిలో పేర్లు, బయట చరిత్ర

తొంభైల్లో తెలుగు ఊళ్లలో బడికి వెళ్లిన వాళ్లకు అండర్‌టేకర్ ఎవరో కొత్తగా చెప్పక్కర్లేదు. కేబుల్ టీవీలో ఆ కుస్తీలు చూడటం, మర్నాడు కొట్లో కొన్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులతో పందెం ఆడటం ఒక తరమంతా చేసిన పనే. ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ర్యాంకు, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు... ఎవరివి ఎన్నో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పేవాళ్లున్నారు. అయితే ముఖ్యమైన సంగతి ఒకటి ఆ కార్డుల మీద ఉండేది కాదు. ఆ మనిషికి ఆ పేరు ఎవరు పెట్టారు? ఆ ఏడాదే ఎందుకు పెట్టారు?

అమెరికాలో స్థిరపడి, ఈ దేశ చరిత్ర చదువుకుంటూ, ఆ పాత పేర్లన్నీ వరసగా పెట్టి చూశాను. ఈ దేశం ఏ కాలంలో ఎవరికి భయపడింది, ఎవరిని చూసి కుళ్లుకుంది, ఎవరి మీద కసి పెంచుకుంది అన్నదంతా అందులో కనబడుతుంది. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందు ఈ వ్యాపారం ఎలా నడిచేదో చెప్పాలి. అమెరికా ప్రొఫెషనల్ కుస్తీ ఊరూరా తిరిగే కార్నివాల్ డేరాల నీడలో పెరిగింది. గెలుపోటములు ముందే మాట్లాడుకుని, ఆ గుట్టు బయటికి పొక్కకుండా కాపాడుకునే కట్టుబాటును వాళ్లు కేఫేబ్ అంటారు. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో కొందరు ప్రమోటర్లు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్ పెట్టి, దేశాన్ని ప్రాంతాల వారీగా పంచుకున్నారు. ఒక ప్రాంతంలో జనానికి మొహం మొత్తిన మల్లుడు ఇంకో ప్రాంతానికి వెళ్లి, కొత్త పేరుతో కొత్త మనిషిగా బరిలోకి దిగేవాడు. 1982లో విన్స్ మెక్‌మాన్ తండ్రి దగ్గర డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీ కొనుక్కుని, కేబుల్ టీవీ ఆసరాతో ఆ సరిహద్దులు చెరిపేశాడు. 1989లో ఆ కంపెనీయే న్యూజెర్సీ సెనేట్ ముందు తమది క్రీడ కాదు, వినోదమని ఒప్పుకుంది. క్రీడ అంటే ప్రభుత్వ అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ, పన్నులు ఉంటాయి. వినోదమంటే ఆ బాధ లేదు. మనం కార్డులతో ఆడుకుంటూ నిజమా అబద్ధమా అని కొట్లాడుకున్న ప్రశ్నకు జవాబు అప్పటికే ప్రభుత్వ రికార్డుల్లో ఉంది.

వినోదానికి విలన్ కావాలి. అమెరికాలో విలన్ ఎప్పుడూ వార్తాపత్రికలోంచే వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్, జపనీస్ విలన్లు బరి నిండా ఉండేవారు. వాళ్లలో పేరుమోసిన ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అసలు పేరు జాక్ అడ్కిసన్. టెక్సాస్‌లో పుట్టినవాడు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ముట్టడించి, సిబ్బందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. ఆ గాయం మానకముందే, 1983 డిసెంబర్ 26న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐరన్ షేక్ అనే మల్లుడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తలపాగా, మెలి తిప్పిన మీసం, చేతిలో ఇరాన్ జెండా. నెల తిరగకుండానే, 1984 జనవరి 23న, హల్క్ హోగన్ అతన్ని ఓడించాడు. హోగన్ శకం మొదలైంది ఆ రాత్రే. ఐరన్ షేక్ అసలు పేరు హొస్సేన్ ఖోస్రో అలీ వజీరీ. అతను నిజంగా ఇరాన్‌వాడే, నిజమైన కుస్తీ నేర్చినవాడు. అమెరికా అమెచ్యూర్ పోటీల్లో బంగారు పతకం గెలిచి, ఆ దేశ ఒలింపిక్ జట్టుకు సహాయ శిక్షకుడిగా కూడా పనిచేశాడు. అమెరికా మల్లులకు పాఠం చెప్పిన మనిషి అమెరికాకు శత్రువుగా నటించి బతికాడు.

అతని జోడీ నికొలాయ్ వోల్కాఫ్ బరిలో నిలబడి సోవియట్ జాతీయ గీతం పాడేవాడు, జనం గోల చేసేవారు. అసలు పేరు యోసిప్ పెరుజోవిచ్, యుగోస్లావియాలోని క్రొయేషియావాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముగింపుకు వచ్చిన 1990లో అదే వోల్కాఫ్‌ను కంపెనీ మంచివాడిగా మార్చేసింది. మాస్కోలో గాలి మారితే న్యూయార్క్ బరిలో వేషం మారింది.

రష్యా విలన్ పోయాక ఖాళీ ఎంతోకాలం నిలవలేదు. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు. అప్పటిదాకా అమెరికా సైనికుడి వేషంలో పిల్లలకు ఆరాధ్యుడైన సార్జెంట్ స్లాటర్ ఇరాక్ పక్షం చేరినట్టు కథ నడిపారు. 1991 జనవరి 19న, గల్ఫ్‌లో బాంబుల దాడి మొదలైన రెండు మూడు రోజులకే, అతను మయామీలో అల్టిమేట్ వారియర్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. చంపుతామని తనకు బెదిరింపులు వచ్చాయని స్లాటర్ తర్వాత చెప్పాడు. మార్చి 24న, కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగ రెసిల్‌మేనియాలో, హోగన్ అతన్ని ఓడించే నాటికి అసలు యుద్ధం ముగిసిపోయింది.

స్లాటర్ పక్కన మేనేజర్‌గా జనరల్ అద్నాన్ ఉండేవాడు. ఈయన అసలు పేరు అద్నాన్ అల్ కైసీ, నిజంగా బాగ్దాద్‌లో పుట్టినవాడు. ఈయన చరిత్ర చదివి నేను ఆశ్చర్యపోయాను. డెబ్బైల్లో ఇదే కంపెనీలో ఈయన బిల్లీ వైట్ వుల్ఫ్ పేరుతో, ఈకల కిరీటం పెట్టుకుని, అమెరికా ఆదివాసిగా కుస్తీ పట్టాడు. జోడీ చీఫ్ జే స్ట్రాంగ్‌బో. ఆ స్ట్రాంగ్‌బో అసలు పేరు జో స్కార్పా, ఇటాలియన్ సంతతి మనిషి. ఒక ఇరాకీ, ఒక ఇటాలియన్ ఆదివాసుల వేషం వేసుకుని 1976లో జంట టైటిల్ గెలిచారు. 1991కి వచ్చేసరికి అద్నాన్ పక్కన కల్నల్ ముస్తఫా అనే ఇంకో ఇరాక్ సైనికుడు చేరాడు. ఎవరనుకున్నారు? మన ఐరన్ షేకే. ఇరాన్, ఇరాక్‌లు ఎనిమిదేళ్లు యుద్ధం చేసి, లక్షల ప్రాణాలు పోగొట్టుకుని అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. టికెట్ కొన్న ప్రేక్షకుడికి ఆ తేడా అక్కర్లేదని కంపెనీకి తెలుసు.

తర్వాతి వంతు జపాన్‌ది. ఎనభైల చివర్లో జపాన్ కార్లు డెట్రాయిట్‌ను కుదిపేశాయి. 1989లో మిత్సుబిషి కంపెనీ న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో పెద్ద వాటా కొంటే, దేశమే అమ్ముడైపోయినట్టు ఇక్కడి జనం బెంగపడ్డారు. 1992లో యోకోజునా వచ్చాడు. జపాన్ సుమో యోధుడని ప్రచారం. మనిషి పేరు రాడ్నీ అనోయీ, సమోవన్ కుటుంబం, పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. పక్కన జెండా ఊపుతూ, ప్రత్యర్థి కళ్లలో ఉప్పు చల్లే మేనేజర్ మిస్టర్ ఫ్యూజీ హవాయిలో పుట్టిన అమెరికన్. 1993 జనవరిలో అసలు జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. హవాయి నుంచి వెళ్లిన అకెబోనో అనే అమెరికన్, సుమోలో అత్యున్నత హోదా అయిన యోకోజునా పొందిన తొలి విదేశీయుడయ్యాడు. జపాన్ తన అతి పెద్ద గౌరవాన్ని అమెరికావాడికి ఇవ్వడానికి కొద్ది నెలల ముందే, అమెరికా ఆ హోదా పేరును తన విలన్‌కు తగిలించింది.

ఆ యోకోజునాను ఎత్తి పడేయడానికి 1993 జూలై 4న, స్వాతంత్ర్య దినాన, వేదికగా ఎంచుకున్నది న్యూయార్క్ రేవులో మ్యూజియంగా ఉన్న యుద్ధనౌక ఇంట్రెపిడ్‌ను. పసిఫిక్ యుద్ధంలో జపాన్ కామికాజే విమానాల దెబ్బలు తిన్న నౌక అది. అంతకుముందు అద్దంలో తనను తాను చూసుకుని మురిసే విలన్‌గా ఉన్న లెక్స్ లూగర్, ఆ రోజు యోకోజునాను ఎత్తి పడేసి రాత్రికి రాత్రి దేశభక్తుడయ్యాడు. తర్వాత అమెరికా జెండా రంగులు పూసిన బస్సులో దేశమంతా తిరిగాడు.

బయటి దేశాల సంగతి అలా ఉంటే, సొంత పౌరులకు ఇచ్చిన వేషాలు ఇంకా బాధ పెడతాయి. ముఖానికి రంగులు, చేతిలో ఈటె, ఒంటి మీద చిరుత చర్మంతో వచ్చిన కమాలాను ఉగాండా రాక్షసుడని పరిచయం చేసేవారు. అతని పేరు జేమ్స్ హారిస్, మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి అమెరికన్. అతన్ని బరిలో మాట్లాడనిచ్చేవారు కాదు. మయామీ క్యూబన్‌గా వచ్చిన రేజర్ రామోన్ అసలు పేరు స్కాట్ హాల్. స్కార్‌ఫేస్ సినిమాలో అల్ పచినో వేసిన పాత్రను చూసి తయారుచేసిన వేషం అది. వీటి మధ్య నిజాయితీగా నిలిచేది టటాంకా. క్రిస్ చావిస్ అనే ఆ మల్లుడు నార్త్ కరోలైనా లంబీ తెగకు చెందిన నిజమైన ఆదివాసి. 1992 ఆగస్టులో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూలో రాన్ సిమన్స్ ఏ అడవి వేషమూ లేకుండా సొంత పేరుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నల్లజాతి ప్రేక్షకులు ఆ రోజును ఇప్పటికీ తలుచుకుంటారు.

దేశం లోపలి ఆర్థిక బాధలూ పేర్లుగా మారాయి. 1990 జూలైలో మాంద్యం మొదలైంది. 1991లో వచ్చిన కొత్త విలన్లు ఎవరో చూడండి: కళ్లజోడు, టై, బ్రీఫ్‌కేసుతో పన్నుల అధికారి ఇర్విన్ ఆర్. షైస్టర్. పొడి అక్షరాల్లో ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ. రెండోవాడు రెపో మ్యాన్, వాయిదాలు కట్టనివాళ్ల కార్లు లాక్కుపోయేవాడు. వీళ్లకు ముందే మిలియన్ డాలర్ మ్యాన్ టెడ్ డిబియాసి ఉన్నాడు, డబ్బుతో ఎవరినైనా కొనగలనని నవ్వే ధనికుడు. అతని వెనక డబ్బులు లెక్కపెడుతూ, చీవాట్లు తింటూ ఉండే నల్లజాతి అంగరక్షకుడు వర్జిల్ 1991లో యజమాని మీద తిరగబడి గెలిచినప్పుడు జనం ఊగిపోయారు. 1998 నాటికి ఆ కోపం బాస్ మీదికి మళ్లింది. స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ అంత పెద్దవాడు కావడానికి కారణం అతను కొట్టింది కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్‌నే కావడం.

మేనేజర్ల గురించి రెండు మాటలు. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఎంత గొప్పవాడైనా రక్తి కట్టదు. ఇక్కడా అంతే. కండలున్నవాడికి మాట ఉండకపోవచ్చు, ఆ మాట మేనేజర్‌ది. బాబీ హీనన్ తన నోటితో విలన్లను విలన్లుగా నిలబెట్టాడు. మెగాఫోన్‌తో చెవులు చిల్లులు పొడిచే జిమ్మీ హార్ట్ అరవైల్లో జెంట్రీస్ అనే పాప్ బృందంలో పాడినవాడు. అండర్‌టేకర్ పక్కన అస్థికల కలశం పట్టుకుని వణికే గొంతుతో మాట్లాడిన పాల్ బేరర్ అసలు పేరు విలియం మూడీ. శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఆయనకు నిజంగానే చదువు, లైసెన్సు ఉన్నాయి. మార్క్ కాలవే అనే టెక్సాస్ యువకుడు నమ్మదగ్గ మృత్యుదేవత కావడంలో మూడీది పెద్ద చేయి.

ఇన్ని పేర్లు పుట్టాయి గానీ, అవి మోసినవాళ్లకు వాటి మీద హక్కు లేదు. 1996లో స్కాట్ హాల్, డీజెల్‌గా పేరుపొందిన కెవిన్ నాష్ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లిపోతే, పాత కంపెనీ దావా వేసింది, ఆపైన వేరే ఇద్దరిని తెచ్చి రేజర్ రామోన్, డీజెల్ అని బరిలో దింపింది. రెండో డీజెల్ గ్లెన్ జేకబ్స్ తర్వాత కేన్ అయ్యాడు, 2018లో టెనెసీ రాష్ట్రం నాక్స్ కౌంటీకి మేయర్‌గా ఎన్నికయ్యాడు. అల్టిమేట్ వారియర్ 1993లో తన చట్టబద్ధమైన పేరునే వారియర్ అని మార్చుకున్నాడు. అక్షయ్ కుమార్ ‘ఖిలాడియోం కా ఖిలాడి’లో అండర్‌టేకర్‌ను ఎత్తి పడేసినప్పుడు మనమంతా నమ్మాం. ఆ అండర్‌టేకర్ వేషంలో ఉన్నది బ్రయాన్ లీ. 1994లో కంపెనీ నకిలీ అండర్‌టేకర్‌గా బరిలోకి దింపింది కూడా ఇతన్నే. ఈ మల్లులను కంపెనీలు ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగానే లెక్కగట్టాయి. మందులు, గాయాలు, నెలల తరబడి ప్రయాణాలు కలిసి ఆ తరంలో ఎంతోమందిని యాభై దాటకుండానే తీసుకుపోయాయి. యోకోజునా చనిపోయేనాటికి 34 ఏళ్లు.

ఇదంతా వేడుకే కదా అనుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీర్‌ను ఒక దుండగుడు కాల్చి చంపాడు. ఇరానియన్లను చంపానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ నేరానికి కుస్తీని కారణం అనను, అనలేను. కానీ ఇరాన్‌వాడికీ ఇరాక్‌వాడికీ, సమోవన్‌కూ జపనీస్‌కూ తేడా పట్టించుకోనక్కర్లేదని దశాబ్దాల పాటు ప్రేక్షకుడికి అలవాటు చేసిన దేశంలో, రంగును బట్టి మనిషిని అంచనా కట్టడం ఎంత తేలికో వలస వచ్చిన మాకు తెలుసు. అదే ఏడాది మే నెలలో జిందర్ మహల్ డబ్ల్యూడబ్ల్యూఈ (పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కొత్త పేరు) ఛాంపియన్ అయ్యాడు. తలపాగా కట్టుకుని, పంజాబీలో మాట్లాడి, అమెరికన్లను ఎత్తిపొడిచే భారతీయ విలన్. నిజానికి అతను కెనడాలోని కాల్గరీలో పుట్టాడు. జర్మన్లు, రష్యన్లు, ఇరానియన్లు, జపనీయులు నిలబడిన వరసలో చివరికి మన వంతు కూడా వచ్చింది.

ఆ కార్యక్రమాలు మీ పిల్లలు ఇప్పటికీ చూస్తుంటే, మానిపించకండి. అందులో పడిలేచే వాళ్ల శ్రమ నిజం, నైపుణ్యం నిజం, నొప్పి నిజం. ఎవరైనా ఒక దేశం జెండా పట్టుకుని బరిలోకి వస్తే మాత్రం, అతను ఎక్కడ పుట్టాడో, ఆ వేషం ఎవరు కట్టించారో, ఆ ఏడాది వార్తల్లో ఏముందో వెతికి చూడమని చెప్పండి. అమెరికాను అర్థం చేసుకోవాలనుకునే తెలుగువాళ్లు శ్వేతసౌధం ప్రకటనలతో పాటు ఈ పేర్లనూ చదవాలి.