కామారెడ్డి, ఎల్లారెడ్డి: ఇద్దరు దళిత శాసనసభ్యురాళ్ల రాజకీయ ప్రస్థానం

టి.ఎన్. సదాలక్ష్మి, జె. ఈశ్వరీబాయిలను చరిత్రకారులు సాధారణంగా సికింద్రాబాదు దళితోద్యమ వారసులుగా పరిగణిస్తారు. ఈ నిర్ణయం సబబే గాని అసంపూర్ణం. వారిని శాసనసభకు పంపినది నగరం కాదు. నాటి నిజామాబాదు జిల్లాలోని రెండు గ్రామీణ నియోజకవర్గాలు.

1957లో కామారెడ్డి ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించినది. ఓటరుకు రెండు ఓట్లు. కాంగ్రెసు అభ్యర్థిగా అక్కడ గెలిచిన సదాలక్ష్మి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా ఉపసభాపతి అయినారు. ఇట్టి ఘట్టాలకు ప్రపంచ చరిత్రలో పోలికలు లేకపోలేదు. అస్పృశ్యతకు గురైన బురాకు సమాజం నుంచి వచ్చిన మత్సుమొతో జిఇచిరొ 1947లో జపాను ఎగువసభకు ఉపాధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు చక్రవర్తి ఎదుట పీతవలె పక్కకు నడిచే సంప్రదాయాన్ని నిరాకరించి, పదవిని ధిక్కారానికి వేదిక చేసుకున్నాడు. సదాలక్ష్మి విషయంలో ఆ ధిక్కారం మరొక రూపంలో కనిపిస్తుంది. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన స్త్రీ దేవాదాయ శాఖ మంత్రిగా దేవాలయాల పాలనను చేపట్టడం పదవీ వివరాల పట్టికలో ఒక పంక్తిగా ముగిసిపోదగిన విషయం కాదు.

ద్విసభ్య పద్ధతి 1961లో రద్దయింది. 1962లో ఆమె ఎల్లారెడ్డి నుంచి ఎన్నికైనారు. 1967లో అదే స్థానంలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఈశ్వరీబాయి ఆమెను ఓడించారు. దీనిని ఇద్దరు నాయకురాళ్ల పోటీగానో, మాల మాదిగల వైరంగానో చూడడం తేలిక. అధికార పక్షంలో ఉండి సాధించడమా, అంబేద్కర్ స్థాపనకు సంకల్పించిన పార్టీ పక్షాన నిలిచి నిలదీయడమా అన్న ప్రశ్న ఆ ఎన్నికలో ఇమిడి ఉన్నదనడం మరింత సమంజసం. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవదహనం చేసినప్పుడు సభలో ఈశ్వరీబాయి ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం ఈ ప్రత్యర్థులిద్దరినీ ఒకే పక్షాన నిలిపింది. 1972లోనూ ఎల్లారెడ్డి ఈశ్వరీబాయినే ఎన్నుకొన్నది.

సదాలక్ష్మి మలి జీవితం మాదిగ దండోరాతో ముడిపడింది. ఆమె 2004లో మరణించారు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తీర్పును 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చగా, 2025లో తెలంగాణ వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. దండోరా చరిత్రను 1994లో ఈదుమూడితో ఆరంభించే పరిశోధకులు ఆమె పూర్వ రాజకీయ జీవితాన్ని కేవలం నేపథ్యంగా వదిలివేయడం సరికాదు. 2011లో వెలువడిన గోగు శ్యామల గ్రంథం ‘నేనే బలాన్ని’ ఈ లోటును కొంత పూరించింది. జీవితచరిత్రగా దానికి లభించిన ఆదరణ మెచ్చదగినదే. శాసనసభా చర్చల సంపుటాలను పక్కన ఉంచుకొని దానిని చరిత్రాధారంగా చదవవలసిన పని మిగిలి ఉన్నది.