అప్పజెప్పే ఆట

సైమన్ ఆట నియమం చాలా చిన్నది. నాలుగు రంగుల దీపాల్లో ఒకటి వెలుగుతుంది, దాంతోపాటు ఒక స్వరం మోగుతుంది. మనం అదే బటన్ నొక్కాలి. సరిగ్గా నొక్కితే యంత్రం మళ్ళీ అదే దీపాన్ని వెలిగించి, దాని వెనక ఇంకొకటి చేరుస్తుంది. ఇప్పుడు రెండూ వరసగా అప్పజెప్పాలి. తర్వాత మూడు, నాలుగు, అలా పెరుగుతూ పోతుంది. ఎక్కడ తప్పితే అక్కడితో ఆట సరి.

ఆర్డ్యూయినో బోర్డు కొన్నవాళ్ళలో చాలామంది, ముందు ఒక ఎల్‌ఈడీని మిణుకు మిణుకుమనిపించి, ఇంకో రెండు మూడు చిన్న ప్రయోగాలు చేశాక కట్టేది ఈ ఆటే. నాలుగు ఎల్‌ఈడీలు, నాలుగు బటన్లు, ఒక బజర్, బ్రెడ్‌బోర్డు, గుప్పెడు వైర్లు ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. కానీ ఆ ఒక్క సాయంత్రం పని వెనక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర నిండా ఒకరి దగ్గర చూసి ఇంకొకరు చేసిన పనులే. జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టే ఆట కదా, దాని చరిత్రలో మనకి ఎవరి పేర్లు గుర్తున్నాయి, ఎవరివి జారిపోయాయి అని చూడబుద్ధేసింది.

చూసి చేసినవాళ్ళు

రాల్ఫ్ బేర్ 1922లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీల హింస పెరుగుతుండగా 1938లో ఆ కుటుంబం అమెరికా చేరుకుంది. ఇంజనీరై, రక్షణ శాఖకి పరికరాలు తయారుచేసే శాండర్స్ అసోసియేట్స్ అనే కంపెనీలో పనిచేస్తూ, 1966లో టీవీ తెర మీద ఆటలు ఆడొచ్చన్న ఆలోచనని కాగితం మీద పెట్టాడు. ఆ ఆలోచనే 1972లో మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ అయింది. ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే మొదటి గేమ్ కన్సోల్ అదే.

1972 మే నెలలో కాలిఫోర్నియాలో ఒడిస్సీ ప్రదర్శన జరిగినప్పుడు నోలన్ బుష్‌నెల్ చూడటానికి వెళ్ళాడు. అక్కడి సందర్శకుల పుస్తకంలో సంతకం కూడా చేశాడు. అదే ఏడాది అతని కంపెనీ అటారీ నుంచి, అలన్ ఆల్కార్న్ చేతుల మీదుగా, పాంగ్ వచ్చింది. ఒడిస్సీలోని టేబుల్ టెన్నిస్ పోలికలు అందులో స్పష్టంగా ఉన్నాయి. మ్యాగ్నవాక్స్ దావా వేసింది. 1976లో రాజీ కుదిరింది, అటారీ లైసెన్స్ తీసుకుంది.

ఇక్కడిదాకా కథ మనకి అలవాటైనదే. కనిపెట్టినవాడు ఒకడు, కాపీ కొట్టి బాగుపడ్డవాడు ఇంకొకడు. కానీ అదే 1976లో ఇంకో సంగతి జరిగింది.

బేర్ అప్పటికి షికాగోలోని మార్విన్ గ్లాస్ అసోసియేట్స్ అనే బొమ్మల డిజైన్ సంస్థకి బయటినుంచి పనిచేస్తున్నాడు. ఆ సంస్థకి చెందిన హోవర్డ్ మారిసన్‌తో కలిసి ఒక వాణిజ్య ప్రదర్శనకి వెళ్ళాడు. అక్కడ అటారీ 1974లో తెచ్చిన ‘టచ్ మీ’ అనే ఆర్కేడ్ యంత్రం ఉంది. నాలుగు బటన్లు, వెలిగే దీపాలు, మోగే శబ్దాలు, విన్న వరసని తిరిగి అప్పజెప్పడం. అంటే సైమన్ నియమమంతా అందులోనే ఉంది. ఆట బావుంది గానీ చేసిన తీరు బాగాలేదని బేర్‌కి అనిపించింది. చూడ్డానికి కళ లేదు, శబ్దాలు చెవిలో గీరినట్టున్నాయి.

ఇద్దరూ ఆ ఆటని మళ్ళీ చేశారు. మొదట పెట్టుకున్న పేరు ‘ఫాలో మీ’. ప్రోగ్రామ్ రాసింది లెనీ కోప్. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ దాన్ని ‘సైమన్’ పేరుతో 1978 మేలో న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే డిస్కో క్లబ్బులో విడుదల చేసింది. ధర 24.95 డాలర్లు. విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది అటారీ తన ‘టచ్ మీ’ని చేతిలో పట్టే సైజుకి కుదించి మార్కెట్‌లోకి తెచ్చింది. తీరా చూస్తే సైమన్ ముందు అదే నకలులా కనబడింది.

పాంగ్ విషయంలో బేర్ పక్షాన నిలబడ్డవాళ్ళం ఇప్పుడేమనాలి? చూసి చేయడం తప్పయితే రెండూ తప్పే. ఒప్పయితే రెండూ ఒప్పే. నాకు రెండు మాటలూ తృప్తినివ్వవు. చూసి చేసినవాడు ఏం కలిపాడన్నది ఒక ప్రశ్న. ఎవరి దగ్గర చూశాడో చెప్పాడా అన్నది రెండో ప్రశ్న. ఈ రెంటినీ విడివిడిగా అడగాలి. రెండో ప్రశ్నకి బేర్ జవాబు శుభ్రంగానే ఉంది: సైమన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాతి రోజుల్లో తనే రాసుకున్నాడు.

నాలుగు స్వరాలు

ఇక మొదటి ప్రశ్న. బేర్ కలిపింది ముఖ్యంగా స్వరం. ఏ వరసలో మోగినా వినసొంపుగా ఉండే నాలుగు స్వరాలు కావాలని, పిల్లల ఎన్‌సైక్లోపీడియా తిరగేసి, నాలుగు స్వరాలతోనే పాటలు పలికించే వాయిద్యం ఏదా అని వెతికాడు. బ్యూగిల్ దొరికింది. సైనికులని నిద్రలేపే బాకా. పాశ్చాత్య పద్ధతిలో ఆ స్వరాలు జి, సి, ఇ, జి. సి ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో మంద్ర పంచమం, షడ్జమం, అంతర గాంధారం, పంచమం. వీటిని ఎలా కలిపి పలికించినా అపస్వరం రాదు.

ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, ఒక్కసారి విని గుర్తుపెట్టుకోగల అంశాలు ఏడు, అటూ ఇటూగా రెండు. సైమన్ ఆఖరి స్థాయిలో మాత్రం 31 దీపాలు అప్పజెప్పాలి. అంత దూరం వెళ్ళగలిగితే దానికి రెండు కారణాలు. ఒకటి, ప్రతిసారీ వరస మొదటినుంచి వస్తుంది కాబట్టి పాతది వల్లె వేసినట్టవుతుంది. రెండు, అది దీపాల జాబితాగా కాక ఒక పాటగా మనసులో కూర్చుంటుంది. ఏడు దాటాక చాలామంది రంగుల పేర్లు అనుకోవడం మానేసి కూనిరాగం తీయడం మొదలుపెడతారు. శబ్దాలు గీరినట్టుంటే ఈ దారి మూసుకుపోతుంది.

అష్టావధానం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఒక పక్క గంట మోగుతుంటుంది, ఇంకో పక్క పృచ్ఛకులు ప్రశ్నలు వేస్తుంటారు. చివర్లో అవధాని గంటలెన్నో చెప్పాలి, పూరించిన పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. ఆ ధారణకి ఛందస్సు, యతిప్రాసలు ఊతం. వీటికీ సైమన్‌కీ చారిత్రక సంబంధమేమీ లేదు. కానీ జ్ఞాపకానికి నడక కావాలన్న సంగతి రెండు చోట్లా ఒకటే. సైమన్‌లో పృచ్ఛకుడు మాత్రం నాలుగు బిట్ల చిప్.

మూసిన చిప్, తెరిచిన బోర్డు

ఆ చిప్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 1000. ప్రోగ్రామ్‌కి ఒక కిలోబైటు, డేటాకి మొత్తం 256 బిట్లు, అంటే 32 బైట్లు. నాలుగు దీపాల్లో ఒకదాన్ని గుర్తుంచుకోవడానికి రెండు బిట్లు చాలు కాబట్టి 31 దీపాల వరసకి 62 బిట్లు సరిపోతాయి. ఆర్డ్యూయినో యూనోలోని ఏటీమెగా 328పీకి రెండు కిలోబైట్ల ర్యామ్, 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమొరీ ఉన్నాయి. డేటాకి 64 రెట్లు, ప్రోగ్రామ్‌కి 32 రెట్లు ఎక్కువ జాగా.

అసలు తేడా జాగాలో లేదు. టీఎంఎస్ 1000లో ప్రోగ్రామ్‌ని ఫ్యాక్టరీలోనే చిప్‌లో అచ్చు వేసేస్తారు. కొన్నవాడు ఆడుకోగలడు గానీ మార్చలేడు, లోపలేముందో చదవడమూ అతని పని కాదు. ఆర్డ్యూయినోలో ఆట ఒక ఫైలు. బజర్‌కి 196, 262, 330, 392 హెర్ట్జ్ ఇస్తే అవే బ్యూగిల్ స్వరాలు. ఆ నాలుగు అంకెలు మారిస్తే మోహనంలో నాలుగు స్వరాలు. కట్టేవాడికి యంత్రం గుట్లు కూడా తెలుస్తాయి. ఒక్క నొక్కుకి బటన్ లోపలి లోహపు రేకు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, చిప్ దాన్ని నాలుగైదు నొక్కులనుకుంటుంది. అందుకని కాసేపు ఆగి చూడమని చెప్పాలి. ర్యాండమ్ అన్నది కూడా నిజంగా ర్యాండమ్ కాదు. దానికి విత్తనం వేయకపోతే, కరెంటు ఇచ్చిన ప్రతిసారీ అదే వరస వస్తుంది. దేనికీ తగిలించని పిన్ మీది రొదనో, ఆటగాడు మొదటి బటన్ నొక్కిన క్షణాన్నో విత్తనంగా వాడతారు.

ఇలా తెరిచిపెట్టిన పని ఎవరిదంటే, పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే కథ ఇది: 2005లో ఇటలీలోని ఇవ్రేయా ఊళ్ళో మాస్సిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్యెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్తీనో, డేవిడ్ మెలిస్ కలిసి ఆర్డ్యూయినో తయారుచేశారు. ఆ ఊళ్ళోని ఒక బార్ పేరే దానికి పెట్టారు. దీనికి ముందు పేజీ ఒకటుంది. అదే ఊళ్ళోని డిజైన్ విద్యాసంస్థలో కొలంబియా దేశపు విద్యార్థి హెర్నాండో బర్రాగన్ తన మాస్టర్స్ థీసిస్‌గా ‘వైరింగ్’ అనే బోర్డునీ, దాని భాషనీ తయారుచేశాడు. ఆ థీసిస్‌కి పర్యవేక్షకుల్లో బాంజీ ఒకడు. ఆర్డ్యూయినో ఆ కోడ్ మీదే, చవకైన చిప్‌తో మొదలైంది. వైరింగ్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఆర్డ్యూయినో కూడా తన మూలం వైరింగ్ అని దాచలేదు. కానీ తనని కలుపుకోకుండా వెళ్ళారని బర్రాగన్ 2016లో సుదీర్ఘంగా రాసుకున్నాడు. పిన్‌మోడ్, డిజిటల్‌రైట్ లాంటి పేర్లు వైరింగ్‌లోవే. మొదటి ఎల్‌ఈడీ వెలిగించిన ప్రతి పిల్లాడూ అతని మాటలే అప్పజెబుతున్నాడు, అతని పేరు తెలియకుండా.

లెనీ కోప్ సంగతీ అంతే. సైమన్ పేటెంట్ 1980లో మారిసన్, బేర్ పేర్ల మీద వచ్చింది. ఒక కిలోబైటులో ఆటనంతా ఇమిడ్చినవాణ్ణి తలుచుకునేవాళ్ళు తక్కువ. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఇది నన్ను కొంచెం ఎక్కువే గుచ్చుతుంది. రోజూ ఎవరెవరో రాసిపెట్టిన లైబ్రరీల మీద పనిచేస్తాం. లైసెన్స్ ఫైలులో వాళ్ళ పేరుంటుంది, మనం ఆ ఫైలు తెరవం. ఓపెన్ సోర్స్ అంటే తీసుకునే హక్కు అనే అర్థం మనకి బాగా వంటబట్టింది. ఎవరిదో చెప్పాల్సిన బాధ్యతని మాత్రం చట్టానికి వదిలేశాం. చట్టం అడిగేది చాలా కొంచెం.

కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూనో బోర్డుల్లో చాలావరకు నకళ్ళే. ఆర్డ్యూయినో డిజైన్ తెరిచిపెట్టింది కాబట్టి బోర్డుని చూసి చేయడం న్యాయమే. అందువల్లే కాలేజీ కుర్రాడి చేతికి అందే ధరలో ఉంది. చూసి చేయడం ఆగిపోతే సైమన్ లేదు, ఆర్డ్యూయినో లేదు, ఈ సాయంత్రం పనీ లేదు. అందుకే నకలు కొట్టొద్దని నేను అనను. నకలు పైన పేర్లు రాయమంటాను.

నా సైమన్ ప్రోగ్రామ్ మొదట్లో కామెంట్‌గా కొన్ని లైన్లున్నాయి. టచ్ మీ, అటారీ, 1974. సైమన్, మారిసన్, బేర్, 1978. ప్రోగ్రామ్, లెనీ కోప్. వైరింగ్, బర్రాగన్. ఆర్డ్యూయినో, అయిదుగురి పేర్లు. కామెంట్లని కంపైలర్ పక్కన పెట్టేస్తుంది. చిప్‌లోని 32 కిలోబైట్లలో అవి ఒక్క బైటు కూడా తినవు.