అభిమానుల రచనల వికీ పుటలు: స్టార్ ట్రెక్ ఉదాహరణ

1966లో టెలివిజన్‌లో మొదలైన స్టార్ ట్రెక్ చుట్టూ అధికారిక నవలలు, కామిక్స్, అభిమానుల కథలు, వీడియోలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. అన్నిటినీ ఒకే పుటలో కలిపితే పాత్రల చరిత్ర కలగాపులగం అవుతుంది. అందుకే 2003లో మొదలైన మెమరీ ఆల్ఫా వికీ తెరమీది కథనే ప్రమాణంగా తీసుకుంది. నవలల్లోని సంగతులను పుట చివర్లో విడిగా చెబుతుంది. నవలలకూ కామిక్స్‌కూ మెమరీ బీటా అనే మరో వికీ ఉంది. అభిమానుల రచనలనూ ఇలాగే వేరుచేయడం వాళ్ల శ్రమను చిన్నచూపు చూడడమేనని అభ్యంతరం రావచ్చు. నిజానికి దీనివల్ల మేలు వాళ్లకే. 2013లో మొదలైన అభిమానుల సిరీస్ స్టార్ ట్రెక్ కంటిన్యూస్‌లో స్కాటీ పాత్రలో నటించింది మూల సిరీస్‌లో ఆ పాత్ర వేసిన జేమ్స్ డూహన్ కుమారుడు క్రిస్. ఇంత మంచి వివరాన్ని స్కాటీ పుటలో ఓ మూలకు నెట్టేస్తే ఎవరి కంటా పడదు. ఆ సిరీస్‌కే సొంత పుట పెట్టి, మొదటి వాక్యంలోనే అభిమానుల నిర్మాణమని రాసి, మూలకథకు లంకె ఇస్తే పాఠకుడికి తికమక ఉండదు.