ఆకు, వేరు, మంత్రం: మన కొండ వైద్యం నడిచిన దారి



ఈ సంచికకు మూలికల గురించి రాయమన్నప్పుడు మేము మొదట ఒక పట్టిక వేద్దామనుకున్నాం. ఈ ఆకు ఈ జబ్బుకు, ఆ వేరు ఆ నొప్పికి అని. అలాంటి పట్టికలు మీ ఫోన్లలో బోలెడు దొరుకుతాయి. దొరకనిది వేరే ఉంది. ఆ ఆకు పేరు మొదట ఎవరు చెప్పారు, ఎవరు రాసుకున్నారు, ఎవరు అమ్ముకున్నారు? మంత్రంలో మందు పాలు ఎంత, మందులో మంత్రం పాలు ఎంత? అందుకే పట్టిక మానేసి, మాకు తెలిసిన మేరకు చరిత్ర చెబుతాం.

సామర్లకోట మీకు రైల్వే జంక్షన్‌గా తెలుసు. 1781 ప్రాంతంలో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు అక్కడికి వచ్చి, పదేళ్లకు పైగా ఉన్నాడు. మొక్కల తోట పెంచాడు, మన దేశపు చిత్రకారుల చేత ఆకూ పువ్వూ కాయా బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో మూడు వందలు ఏరి 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా విడతలవారీగా అచ్చు వేశారు. అందులో చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాశాడాయన.

రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగే ఒక పెద్ద మాను ఆయన కంటపడింది. ఎర్రటి చేవ, గట్టి చేదు బెరడు. మనవాళ్లు దాన్ని సోమిద అంటారు, కొన్నిచోట్ల సోమి మాను అంటారు. బెరడు కషాయం జ్వరానికి తాగేవాళ్లు. ఆ రోజుల్లో చలిజ్వరానికి తెల్లవాళ్లు నమ్ముకున్న మందు దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చే సింకోనా చెక్క. అది ఖరీదైనది, కల్తీ కూడా ఎక్కువ. దానికి బదులు మన సోమిద బెరడు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ ఆశపడ్డాడు. చెట్టుకు పెట్టిన లాటిన్ పేరులోనే ‘ఫెబ్రిఫ్యూగా’ అని చేర్చాడు. జ్వరాన్ని తరిమేది అని దాని అర్థం. 1794లో ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అనే వైద్య విద్యార్థి ఈ బెరడు మీదనే పట్టా కోసం సిద్ధాంత వ్యాసం రాశాడు. తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులు ఆ చెట్టు జాతికి ‘సోయ్‌మిడా’ అని పేరు ఖాయం చేశారు. అది మన సోమిదే. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్ర పుస్తకం తెరిచినా ఆ చెట్టు ఆ పేరుతోనే ఉంటుంది.

చెట్టు పేరు నిలిచింది. రాసినవాడి పేరు నిలిచింది. కొండ దిగి వచ్చి ‘దొరా, దీన్ని సోమిద అంటాం, జ్వరానికి తాగుతాం’ అని చెప్పిన మనిషి పేరు మాత్రం చరిత్రకు ఎక్కలేదు. మగవాడో ఆడమనిషో కూడా తెలియదు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సోమిద బెరడు సింకోనాకు సాటి రాలేదు. చెట్టు మనదని, పేరు మనదని గుణం పెంచి చెప్పడం మాకు ఇష్టం లేదు.

జ్వరం మాట వచ్చింది కాబట్టి మన్యం జ్వరం గురించి కూడా చెప్పుకోవాలి. మైదానం నుంచి ఏజెన్సీకి బదిలీ అయిన ఉద్యోగులు ఏడుస్తూ వచ్చేవాళ్లని మన తాతలు నవ్వుతూ చెప్పేవాళ్లు. 1879 రంప పితూరీని అణచడానికి వచ్చిన పటాలాలను మన మనుషుల కంటే జ్వరమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అడవి మనకు కోట అయితే, దోమ ఆ కోటకు కాపలాదారు. మనవాళ్ల దగ్గర నేలవేము ఉండేది. మొక్క మొత్తం విషమంత చేదు. కాచి వడగట్టి గుక్కలో మింగాల్సిందే. వావిలాకు నీళ్లలో మరిగించి, దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టేవాళ్లు. ఒళ్లునొప్పులకు ఇప్పటికీ అదే చేస్తున్నాం.

అయితే ఈ కథను గొప్పగా చెప్పుకొని ఊరుకుంటే అబద్ధమవుతుంది. మనవాళ్లకు జ్వరం రాదని కాదు. చిన్నప్పుడే పదే పదే వచ్చి, బతికి బట్టకట్టినవాళ్ల ఒంటికి కొంత తట్టుకునే శక్తి వచ్చేది. బతకని పసివాళ్ల లెక్క ఏ రికార్డులోనూ లేదు. ఆ తల్లులకు నేలవేము చాలలేదు. కాబట్టి చలితో జ్వరం వస్తే ముందు ఆశా అక్క దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. నేలవేము కాచుకుంటే దాని తరువాతే.

1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజుకు మన్యంలో మొదట వచ్చిన పేరు వైద్యం, జ్యోతిషం తెలిసిన సాధువుగా. గాం గంటందొర లాంటి మన మొనగాళ్లు ఆయన వెంట నిలవడానికి కారణాలు వేరే ఉన్నాయి. ముఠాదారుల హక్కులు పోవడం, రోడ్డు పనుల్లో వెట్టి, 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు మీద, అడవి మీద పడిన ఆంక్షలు. అప్పటిదాకా వేరు తవ్వుకోవడానికి చెట్టును అడిగితే చాలు. ఆ చట్టం తరువాత గార్డును కూడా అడగాల్సి వచ్చింది.

చెట్టును అడగడం అన్నది ఊరికే అన్న మాట కాదు. మన వైద్యంలో మంత్రం ఎక్కువగా కనిపించేది అక్కడే. పాడేరు, అరకు వైపు దిసారి అన్నా, సీతంపేట వైపు ఎజ్జోడు అన్నా, మందు తవ్వే పద్ధతికి నియమాలు ఉంటాయి. ఊరికో తీరు. ముందురోజు సాయంత్రం మొక్క దగ్గర నాలుగు బియ్యపు గింజలు చల్లి, ‘రేపు వస్తాను, నీతో పని ఉంది’ అని చెప్పి రావాలి. తెల్లవారుజామున ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లాలి. మన నీడ మొక్క మీద పడకూడదు. ఇనుము తగలకుండా కర్రతో తవ్వాలి. వేరంతా పెరకకూడదు, కొంత వదలాలి. మందు పేరు నలుగురిలో చెప్పకూడదు, చెబితే పనిచేయదు.

చదువుకున్న మనవాళ్లలో కొందరు దీన్ని మూఢనమ్మకం అని కొట్టేస్తారు. ఇంకొందరు ఇందులో సైన్సంతా ఉందంటారు. మాకు రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తాయి. కర్రతో తవ్వితే ఒక పూటలో కొండంతా ఖాళీ చేయలేరు. వేరు కొంత వదిలితే వచ్చే వానకు మళ్లీ మొలుస్తుంది. వీటి మేలు కంటికి కనిపిస్తుంది. నీడ పడితే ఏమవుతుందో మాకైతే అర్థం కాలేదు. పేరు చెబితే మందు పనిచేయదన్నది నిజం కాదు కానీ, పేరు చెబితే మందు మనది కాకుండా పోతుందన్నది మాత్రం సోమిద కథ చూశాక కాదనలేం.

కట్టే మందులు ఇంకో రకం. వసకొమ్ము ముక్కకు దారం ఎక్కించి పసిబిడ్డ మణికట్టుకు కట్టడం మన ఇళ్లలోనే కాదు, మైదానం ఊళ్లలో కూడా ఉంది. గాలి, దిష్టి సోకకుండా అని. వస వాసనకు పురుగులు దూరంగా పోతాయి, అందుకే ధాన్యంలో కూడా వేస్తారు. పురుగును తరిమేది గాలిని కూడా తరుముతుందని అనుకోవడం సహజమే. కట్టుకుంటే నష్టం లేదు. కానీ వస అరగదీసి నాలుకకు రాయడం వద్దని ఇప్పటి పిల్లల డాక్టర్లు అంటున్నారు, ఆ మాట వినాలి. కాన్పు కష్టమైతే ఉత్తరేణి వేరు నడుముకు కట్టి, బిడ్డ బయటపడగానే విప్పేసేవాళ్లు. విప్పడం మరిచిపోతే పేగులు కూడా జారిపోతాయని భయం. పురుడు పోసే మనిషికి తెలుగులో మంత్రసాని అన్న పేరు ఉంది చూశారా, ఆ మాటలోనే మంత్రం ఉంది. చీకటి గదిలో, నొప్పుల్లో ఉన్న ఆడపిల్లకు ‘వేరు కట్టాం, ఇంక అయిపోతుంది’ అన్న మాట ఎంత బలమో మన అమ్మలు చెబుతారు. ఆ బలం నిజమే. రక్తస్రావాన్ని మాత్రం అది ఆపలేదు. అడవినాభి దుంపను కూడా అలాగే కడతారు. అది పొరపాటున కడుపులోకి పోతే ప్రాణాలు తీసే విషం.

ఇక సర్పగంధి. మన వైద్యంలో నిజమూ నమ్మకమూ ఎలా ముడిపడి ఉన్నాయో చూపడానికి దీన్ని మించిన మొక్క లేదు. వేరు పాములా వంకర తిరిగి ఉంటుంది. అందుకని పాము కాటుకు మందు అన్నారు. దేశంలో చాలాచోట్ల మతి చలించినవాళ్లకు కూడా ఇదే ఇచ్చేవాళ్లు; బీహారులో దీన్ని ‘పిచ్చికి మందు’ అనే అమ్మేవాళ్లట. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ వాళ్లు వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థం తీశారు. ప్రపంచమంతా ఆ బిళ్లలు మింగింది. మన అడవుల్లో సర్పగంధి తవ్వకం మొదలైంది, మొక్క అరుదైపోయింది. మనసును శాంతపరచడం అన్న పాత వాడకం అలా పరీక్షలో నిలిచింది. పాము కాటు అన్న పాత వాడకం నిలవలేదు.

ఇది మాకు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. మాలో ఒకరి మేనమామ పొలం గుడిసెలో నేల మీద పడుకొని ఉండగా కట్లపాము కరిచింది. దాని కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. వేరు నూరి తాగించారు, వేపరెమ్మతో దించారు. మాట్లాడుతూనే ఉన్నాడు కాబట్టి విషం దిగిందనుకున్నారు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగింది. వైద్యం చేసిన పెద్దాయన మోసగాడు కాదు, పైసా తీసుకోలేదు. అంతకుముందు ఆయన చేతిలో ఎంతోమంది బతికారు. ఎలా బతికారంటే, కరిచే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషపు పాము కూడా ప్రతిసారీ విషం దించదు. ఆ బతుకులన్నీ మంత్రం ఖాతాలో పడ్డాయి. కాటుకు విరుగుడు సూది ఒక్కటే. మంత్రం వేయించుకోవాలనుకుంటే ఆసుపత్రికి పోయే బండిలో వేయించుకోండి.

మందు పనిచేయకపోతే ఏం జరుగుతుంది? దీని గురించి మన సంఘాల సంచికల్లో సాధారణంగా రాయరు. మందు ఇచ్చే చెయ్యే రోగం పంపగలదన్న అనుమానం మనలో పాతదే. విశాఖ, గోదావరి మన్యంలో చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. బిడ్డ చనిపోతే, పశువు పడిపోతే, ఊళ్లో ఒంటరి ముసలమ్మ మీదికో, మందులు తెలిసిన ముసలాయన మీదికో చూపు పోతుంది. చెట్ల పేర్లన్నీ తెలిసిన మనుషులను మనవాళ్లే కొట్టి ఊరి నుంచి తరిమారు, చంపిన సంఘటనలూ ఉన్నాయి. మన జ్ఞానం బయటివాళ్ల వల్ల మాత్రమే పోయిందని చెప్పడానికి మాకు నోరు రాదు.

బయట సంగతీ చూద్దాం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ వచ్చాక సావుకారి తూకం పీడ కొంత తగ్గింది. చింతపండు, తేనె, కరక్కాయ, ముష్టి గింజలు, నరమామిడి చెక్క సంతల్లోనే కొన్నారు. నరమామిడి చెక్క మన ఇళ్లలో బెణుకులకు, విరిగిన ఎముకలకు పట్టు వేసే మందు. అగరుబత్తీల జిగురుకు గిరాకీ వచ్చాక మానును చుట్టూ ఒలిచేశారు. చుట్టూ ఒలిచిన మాను ఎండిపోతుంది. కర్రతో తవ్వమని, కొంత వదలమని చెప్పిన నియమం కిలో ధర ముందు ఆగలేదు. ఒలిచింది మన చేతులే.

కేరళలో కాణి అనే మన సోదర తెగ ఉంది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రజ్ఞులకు దారి చూపుతూ వెళ్లిన కాణి యువకులు ఏదో కాయ తింటూ అలుపు లేకుండా నడిచారు. అడగ్గా అడగ్గా ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాంతో తిరువనంతపురం దగ్గరి పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందు తయారుచేసి, 1995లో కోయంబత్తూరు కంపెనీకి పది లక్షల రూపాయలకు, అమ్మకం మీద రెండు శాతానికి ఇచ్చింది. అందులో సగం కాణులకు అన్నారు. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. తగువులు లేకపోలేదు. రహస్యం చెప్పినందుకు ఆ యువకుల మీద సొంత తెగలోనే కోపం వచ్చింది. అయినా రాక్స్‌బర్గ్ కాలంతో పోలిస్తే ఒక తేడా ఉంది: చెప్పినవాళ్లు ఎవరో ఈసారి లోకానికి తెలిసింది.

2006 అటవీ హక్కుల చట్టంలో పోడు పట్టా ఒక్కటే ఉందని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు గ్రామానికి ఉందని అందులో రాసి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో కమిటీ, ప్రజల రిజిస్టరు ఉండాలి. 2023 సవరణలో, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. మన జ్ఞానం గ్రంథాల్లో లేదు, నోళ్లలో ఉంది. కాబట్టి ఎవరికి చెబుతున్నాం, ఏ కాగితం మీద, ఎవరి పేరుతో అన్నది ఆలోచించాల్సిన విషయం. ముసలమ్మ మందు చెబుతుంటే వీడియో తీసి పెట్టేముందు ఆమెను అడగండి, గ్రామసభను అడగండి.

మేమూ అడిగాం. మా ఊరి వైపు కాన్పు మందులు, కుక్కదగ్గు మందు తెలిసిన ఒక అవ్వ ఉంది. పేరు రాయడం లేదు, ఆమె వద్దంది. ఈ సంచిక కోసం నాలుగు మొక్కల పేర్లు చెప్పవ్వా అంటే నవ్వింది. పొడపత్రి ఆకు ఒకటి తుంచి నమలమని ఇచ్చి, ఆ తరువాత నోట్లో చక్కెర వేసింది. ఇసుక నమిలినట్టు ఉంది, తీపి జాడ లేదు. ‘నాలుకే ఇట్టా మోసపోతే, కాగితం మీద చదివి ఏం తెలుసుకుంటారు’ అంది. నేర్చుకోవాలంటే రెండు వానాకాలాలు తన వెంట కొండ ఎక్కాలట. కలుపు తీసే రోజుల్లో కూడా. ఇప్పటికి ఇంటర్ చదివే ఒక చెల్లెలు వెళుతోంది. తోడు కావాలంటోంది.